పది శాతం న్యాయం

2018 ఏప్రిల్ 14వ తేదీన బస్తరు ప్రాంతంలోని జాంగ్లా అనే గ్రామం పేరు దేశమంతటా వినిపించింది. అది బీజాపూరు జిల్లాలో ఉన్నది. గోల్ గుంబజు వల్ల మనవారందరూ ఎరిగిన కర్ణాటక బీజాపూరు వేరు. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఇంద్రావతికి దక్షిణాన అడవుల నడుమ ఉన్న బీజాపూరు. ఆనాడు ప్రధానమంత్రి అక్కడికి వచ్చి, 'ఆయుష్మాన్ భారత్' కింద దేశంలోనే మొట్టమొదటి ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించారు. తునికాకు ఏరి బ్రతికే ఒక ఆదివాసి స్త్రీకి స్వయంగా వంగి చెప్పులు తొడిగారు. ఆ పథకంలోని రెండవ భాగమైన ఆసుపత్రి బీమా అదే సంవత్సరం సెప్టెంబరు 23న రాంచీలో మొదలైనది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స. దాని పేరు ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన.

ఆరేళ్ళు గడిచాయి. 2024 అక్టోబరు 29న దిల్లీలో ఈ పథకాన్ని డెబ్బై ఏళ్ళు నిండిన వారందరికీ విస్తరించారు. ధనికుడా, పేదా అన్న విచారణ లేదు. అంతకు ముందు సెప్టెంబరు 11న కేంద్ర మంత్రివర్గం ఆమోదించినపుడు వేసిన అంచనా ప్రకారం నాలుగున్నర కోట్ల కుటుంబాలలోని ఆరు కోట్ల మంది వృద్ధులు దీని పరిధిలోకి వస్తారు. కుటుంబానికి అప్పటికే కార్డు ఉన్నట్లయితే, ఇంటిలోని వృద్ధులకు వేరుగా మరొక 5 లక్షలు. అందులో కొడుకులకు, కోడళ్ళకు వాటా ఉండదు. 'ఆయుష్మాన్ వయ వందన' అని ఆ కార్డుకు పేరు పెట్టారు. పేరు కూడా బాగున్నది.

దిల్లీలోని విశ్రాంత కార్యదర్శికీ, బస్తరు అడవిలోని వృద్ధుడికీ ఒకే కార్డు, ఒకే మొత్తం. ఇంతకంటె సమానత్వం ఏముంటుందని ఎవరికైనా తోచవచ్చు. ఐతే బీమా అన్నది కాగితం మీద వ్రాసిన మొత్తం కాదు. ఆ మొత్తం ఏ ఊరిలో, ఎవరి చేతికి, ఏ లెక్కన చేరుతున్నదో చూస్తే తప్ప దాని న్యాయాన్యాయాలు తెలియవు.

ఉదాహరణకు ఒక వృద్ధుడిని ఊహించుకుందాం. సుక్మా జిల్లాలో కోంట దాపున ఒక పల్లె. ఆయన దోర్ల తెగవాడు. ఇంటిలో మాట్లాడే భాషలో సగం మాటలు భద్రాచలం సంతకు వచ్చే ఏ తెలుగువాడికైనా అర్థమవుతాయి. వయసు డెబ్బై రెండు. వానాకాలంలో పెరటి గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగినది. కార్డు ఉన్నది. ఆపరేషను పథకంలో ఉన్నది. ఇంటివారు ఆయనను మంచంతో సహా మోసుకొని రోడ్డు మీదికి తెచ్చారు. ఇప్పుడు ఎటు వెళ్ళాలి?

బస్తరు ఎంత పెద్దదో మ్యాపులో చూస్తే తప్ప నమ్మకం కలుగదు. 1998కి ముందు ఒకే జిల్లాగా ఉన్న పాత బస్తరు విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లు పైచిలుకు. కేరళ రాష్ట్రం మొత్తం 38,863 మాత్రమే. ఆ ఒక్క జిల్లా ఇపుడు ఏడు జిల్లాలైనది. జగదల్పూరులో 2006లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దక్షిణ బస్తరు వారికి అదే పెద్ద దిక్కు. కోంట నుండి అక్కడికి సుమారు 180 కిలోమీటర్లు. అక్కడ ఆ రోజున ఎముకల డాక్టరు, మత్తు ఇచ్చే డాక్టరు, తగిన కొలత గల ఇంప్లాంటు మూడూ ఒకేసారి కుదిరితే సరే. కుదరకపోతే రాయపూరు. కేశకాల్ ఘాటు దిగి ఇంకొక 300 కిలోమీటర్లు.

రైలెక్కి వెళ్ళవచ్చు గదా అని అడిగే వారుంటారు. జగదల్పూరుకు రైలు ఉన్నది, కాని అది రాయపూరుకు కాదు, విశాఖపట్నం వైపుకు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చటానికి 1960లలో వేసిన లైను అది. ఖనిజానికి సముద్రం దాకా నేరుగా దారి దొరికినది గాని, రోగికి తన సొంత రాష్ట్ర రాజధానికి నేరుగా రైలు దారి లేదు.

చెల్లింపు ఎలా జరుగుతుందో ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి. ఈ పథకంలో రోగి చేతికి డబ్బు రాదు. ప్రతి చికిత్సకు ముందుగా ఒక ధర నిర్ణయమై ఉంటుంది. దానిని ప్యాకేజీ అంటారు. నమోదైన ఆసుపత్రి చికిత్స చేసి, బిల్లు పంపి, ఆ ధర రాబట్టుకుంటుంది. సాధారణ వార్డులో ఒక రోజుకు కేంద్ర జాబితాలో మొదట 1,800 రూపాయలుండేది. 2021లో దానిని 2,100 చేశారు. వెంటిలేటరుతో కూడిన తీవ్ర చికిత్సకు 4,500 ఉన్నది 9,000 ఐనది. రాష్ట్రాలు తమ అవసరాన్ని బట్టి ఈ ధరలు మార్చుకోవచ్చును.

వెనుకబడిన ప్రాంతాలను పథకకర్తలు మరచిపోలేదు. 2018 జనవరిలో కేంద్రం దేశంలో 'ఆకాంక్షిత జిల్లాలు' అని కొన్నిటిని ఎంపిక చేసినది. ఆ జాబితాలో 112 జిల్లాలు. బస్తరు ప్రాంతపు ఏడు జిల్లాలూ అందులో ఉన్నవి. అటువంటి జిల్లాలోని ఆసుపత్రికి ప్యాకేజీ ధర మీద పది శాతం అదనంగా ఇవ్వాలని పథకం ఆరంభంలోనే నిబంధన వ్రాసుకున్నారు. ఉద్దేశం మంచిదే. లెక్క మాత్రం చూడాలి. 2,100 మీద పది శాతం 210 రూపాయలు. అంటే ఒక స్పెషలిస్టు డాక్టరును, ఆయన భార్యాబిడ్డలను, పిల్లల చదువును నగరం నుండి కదిలించి సుక్మాకు తీసుకొని రావటానికి పథకం ఇచ్చే ప్రోత్సాహం మంచానికి, రోజుకు, 210 రూపాయలు.

అదే నిబంధనలలో మరొక వాక్యం ఉన్నది. జాతీయ నాణ్యతా గుర్తింపు పూర్తిగా పొందిన ఆసుపత్రికి పదిహేను శాతం అదనం. నాణ్యతను ప్రోత్సహించటాన్ని ఎవరు కాదంటారు? ఐతే ఆ గుర్తింపుకు కావలసిన భవనం, సిబ్బంది, రికార్డులు సమకూర్చుకోగలిగేది పెద్ద నగరాల ఆసుపత్రులే. కనుక రాయపూరులో అద్దాల మేడకు పదిహేను, అడవి జిల్లాలోని చిన్న ఆసుపత్రికి పది. 2022 నాటి ప్యాకేజీ జాబితాలో మొదటిసారిగా నగరపు తరగతిని బట్టి కూడా ధరలో తేడా పెట్టారు. పెద్ద నగరంలో అద్దెలు, జీతాలు ఎక్కువ గనుక ధర ఎక్కువ. దీనికీ తర్కం ఉన్నది. కాని ఈ తర్కాలన్నీ కలిసి డబ్బును ఏ వైపు నడిపిస్తున్నాయో గమనించవలసి ఉన్నది.

పది శాతంలో ఉన్న అసలు చిక్కు దాని చిన్నతనం కాదు. అది చికిత్స జరిగిన తరువాత వచ్చే డబ్బు. ఆసుపత్రి లేని చోట, డాక్టరు లేని చోట, చికిత్స జరగదు, బిల్లు పుట్టదు. సున్న మీద పది శాతం సున్నయే. దానిని ఇరవై చేసినా, ముప్పై చేసినా సున్నయే. కోంట వృద్ధుడు రాయపూరులో ఆపరేషను చేయించుకుంటే ఆ డబ్బు రాయపూరు ఆసుపత్రికి పోతుంది, దానితో అక్కడ ఇంకొక యంత్రం వస్తుంది, ఇంకొక డాక్టరు చేరుతాడు. బస్తరు వారి కార్డులు రాయపూరు ఆసుపత్రులకు పుష్టినిస్తాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1971 ఫిబ్రవరిలో 'లాన్సెట్' వైద్య పత్రికలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు ఒక వ్యాసం వ్రాశాడు. వేల్సులోని గ్లిన్‌కారుగ్ అనే బొగ్గుగని పల్లెలో ప్రజలకు వైద్యం చేస్తూ గడిపినవాడాయన. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా దొరుకుతుందనీ, వైద్యాన్ని బజారు శక్తులకు వదిలిన కొద్దీ ఈ వైపరీత్యం ముదురుతుందనీ ఆయన సూత్రీకరించాడు. 'విలోమ సేవా నియమం' అని దానిని అనువదించుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో 2012 నుండి అందరికీ వర్తించే బీమా ఉండేది. దాని కింద నమోదైన ఆసుపత్రులు ఏ జిల్లాలలో ఉన్నాయో సులక్షణా నంది, హెలెన్ ష్నైడర్, సమీర్ గర్గ్ పరిశీలించి 2018లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. వేల్సు డాక్టరు చెప్పినదే అక్కడా కనిపించింది. ప్రైవేటు ఆసుపత్రులు మైదాన ప్రాంతపు జిల్లాలలో గుమికూడి ఉన్నవి. అన్ని విధాలా బలహీనమైన జిల్లాలలో సేవలు పలుచగా ఉన్నవి.

వృద్ధుల బీమాలో ప్రాంతీయ న్యాయం గురించి అందరికంటె ఎక్కువ కాలం తగవులాడుకున్నది అమెరికావారు. అరవై అయిదేళ్ళు దాటిన వారి కోసం అక్కడ 'మెడికేర్' అనే ప్రభుత్వ బీమా 1965లో చట్టమైనది. 1983లో వారు కూడా మన ప్యాకేజీల వంటి పద్ధతికి మారారు. రోగాన్ని బట్టి ముందుగా కట్టిన ధర, ఆ ధరను స్థానిక జీతాల సూచికతో హెచ్చించటం. వెంటనే తగవు మొదలైనది. జీతాలు తక్కువ ఉన్న పల్లె ప్రాంతాలకు తక్కువ చెల్లింపు, తక్కువ చెల్లింపు వల్ల జీతాలు పెంచలేకపోవటం, జీతాలు పెరగనందువల్ల మళ్ళీ తక్కువ చెల్లింపు. గానుగెద్దు తిరిగినట్లు.

దానికి వారు కనుగొన్న మార్గాలలో ఒకటి మనకు పనికివస్తుంది. 1997లో చేసిన చట్టం ప్రకారం, మరొక ఆసుపత్రికి చాలా దూరంగా ఉండి, ఇరవై అయిదు మంచాలకు మించని చిన్న ఆసుపత్రులను ప్రత్యేక తరగతిగా గుర్తించారు. వాటికి కేసుకు ఇంత అని కాక, వృద్ధుల చికిత్సకు అయిన న్యాయమైన ఖర్చు మీద నూటికి నూట ఒక్క డాలర్లు చెల్లిస్తారు. రోగులు తక్కువగా వచ్చినంత మాత్రాన ఆసుపత్రి మూతపడకూడదని దాని భావం. 2010లో వచ్చిన మరొక చట్టం మోంటానా, వయోమింగ్ వంటి జనం పలుచగా ఉన్న రాష్ట్రాలలో జీతాల సూచిక ఒక స్థాయికి దిగువకు పోరాదని కట్టడి చేసినది. అమెరికా వైద్య విధానాన్ని ఆదర్శంగా తీసుకొమ్మని ఎవరూ చెప్పరు. అక్కడి ఖర్చులు, అక్కడి అన్యాయాలు వేరే పెద్ద కథ. కాని జనం పలుచగా ఉన్న చోట కేసుల లెక్క పనిచేయదని వారు దెబ్బలు తిని తెలుసుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన బీజాపూరు జిల్లాలో చదరపు కిలోమీటరుకు ముప్పై తొమ్మిది మంది మాత్రమే ఉన్నారు.

ఇక డెబ్బై ఏళ్ళన్న హద్దు సంగతి. దేశమంతటికీ ఒకే హద్దు గనుక అది నిష్పాక్షికమని అనిపిస్తుంది. 2016-20 సంవత్సరాల అధికారిక జీవన పట్టికల ప్రకారం ఆయుఃప్రమాణం దిల్లీలో 75.8 ఏళ్ళు, కేరళలో 75, దేశం మొత్తానికి 70. ఛత్తీస్‌గఢ్‌లో 65.1. పట్టికలోని రాష్ట్రాలలో అదే కనిష్ఠం. పసిబిడ్డల మరణాలు కూడా కలిసిన సగటు గనుక, అరవై దాటినవారు డెబ్బైకి చేరరని దీని అర్థం కాదు. చేరేవారు తక్కువ అని మాత్రం అర్థం. ఆదివాసుల ఆరోగ్యం మీద కేంద్రం నియమించిన నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇచ్చినది. బస్తరుకు పొరుగున ఉన్న గడ్చిరోలిలో పనిచేసే డాక్టరు అభయ్ బంగ్ దానికి అధ్యక్షుడు. ఆదివాసుల ఆయుఃప్రమాణం 63.9 ఏళ్ళని, తక్కినవారిది 67 అని ఆ నివేదిక తెలిపింది. డెబ్బై దగ్గర గీత గీస్తే, ఎక్కువ కాలం బ్రతికే ప్రాంతాలకు ఎక్కువ డబ్బు, తక్కువ కాలం బ్రతికే ప్రాంతాలకు తక్కువ డబ్బు దానంతట అదే చేరుతుంది. ఎవరూ పక్షపాతం చూపనక్కరలేదు.

పాత పథకం ఈ విషయంలో కొంత ఉదారంగా ఉండేది. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబానికి 30 వేలే గాని, 2016 నుండి అరవై ఏళ్ళు నిండిన ప్రతి వృద్ధుడికీ అదనంగా మరొక 30 వేలు చేర్చారు. హద్దు అరవై, డెబ్బై కాదు.

పైగా ఆ డెబ్బై ఏళ్ళను నిర్ణయించేది ఆధార్ కార్డులోని వయసు. జనన మరణాల నమోదు చట్టం వచ్చినదే 1969లో. 1954కు ముందు అబూఝ్‌మాడ్ కొండలలో పుట్టిన బిడ్డ జన్మదినాన్ని ఎవరు వ్రాసి పెట్టారు? ఆ ఏటి కరవును బట్టో, ఆ ఏడు పూచిన వెదురును బట్టో పెద్దలు వయసు చెప్పేవారు. ఆధార్ నమోదుకు కూర్చున్న కుర్రవాడు మనిషి ముఖం చూసి ఒక అంకె వేసి ఉంటే, ఆ అంకె అరవై ఆరు కావచ్చు, డెబ్బై ఒకటి కావచ్చు. 5 లక్షల రూపాయలు ఆ అంచనా మీద ఆధారపడి ఉన్నవి.

వీటన్నిటి కంటె చిన్నది, కాని రోగి ఇంటికి అన్నిటి కంటె పెద్దది, దారి ఖర్చు. పాత రాష్ట్రీయ స్వాస్థ్య బీమాలో ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ దారి ఖర్చుకు 100 రూపాయలు, ఏడాదికి 1,000కి మించకుండా, రోగి చేతికి ఇచ్చే ఏర్పాటు ఉండేది. వంద రూపాయలు ఆ రోజులలో కూడా చాలేవి కావు. ఐనా దూరం కూడా రోగంలో భాగమేనన్న గుర్తింపు అందులో ఉన్నది. 5 లక్షల కొత్త పథకపు కేంద్ర జాబితాలో పరీక్షలు, మందులు, మంచం, భోజనం, ఇంప్లాంటు అన్నీ ఉన్నవి. దారి ఖర్చు లేదు. తుంటి విరిగిన మనిషిని కోంట నుండి రాయపూరుకు పడుకోబెట్టి తీసుకుపోవాలి. తోడు ఇద్దరు ఉండాలి. వారు అక్కడ రోజుల తరబడి తినాలి, పడుకోవాలి. ఆ ఇద్దరి కూలి పోతుంది. చికిత్స ఉచితమైనా ఆ ప్రయాణం కోసం మేకను అమ్ముకొనే ఇల్లు ఉంటుంది. అసలు బయలుదేరకుండా పసరు కట్టు కట్టించుకొని మంచాన పడే మనిషీ ఉంటాడు. ఈ రెండవ మనిషి ఏ బిల్లులోనూ కనబడడు గనుక లెక్కలలో ఆయన ఆరోగ్యవంతుడే.

కోంట వారికి మరొక దారి ఉన్నది. చింతూరు మీదుగా భద్రాచలం. వంద కిలోమీటర్ల లోపే. కాకతీయుల వంశీకుడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనానంతరం బస్తరు చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి పరంపర చెబుతుంది. నాటి నుండి నేటి దాకా దక్షిణ బస్తరు ముఖం గోదావరి వైపే. మిర్చి కోతకు, వైద్యానికి, పెళ్ళి సంబంధానికి ఇటే వస్తారు. భద్రాచలం ప్రభుత్వాసుపత్రిలో ఛత్తీస్‌గఢ్ రోగులు కనబడటం అక్కడివారికి వింత కాదు. కాని బీమా పథకాలకు రాష్ట్రాల సరిహద్దులు తెలిసినంతగా మనుషుల రాకపోకలు తెలియవు. జన ఆరోగ్య కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందన్నది 2018లో చేసిన వాగ్దానం. ఐతే పథకంలో చేరిన రాష్ట్రాలకే ఆ మాట వర్తిస్తుంది. సొంత ఆరోగ్యశ్రీ ఉన్న తెలంగాణ ఇందులో చేరినది 2021లో. ఆ మధ్య మూడేళ్ళ పాటు కోంట మనిషికి కార్డు చెల్లే రాయపూరు దూరం, దగ్గర ఉన్న భద్రాచలంలో కార్డు చెల్లదు. మధ్యలో ఉన్న చింతూరు 2014 విభజనలో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినది. ఒక పూట ప్రయాణంలో మూడు రాష్ట్రాలు, మూడు ప్రభుత్వాలు, మూడు ఆరోగ్య పథకాలు.

కేంద్ర రాష్ట్రాల మధ్య ఖర్చు పంపకంలో కూడా ఇటువంటి సంగతి ఒకటి ఉన్నది. సాధారణంగా కేంద్రం అరవై పాళ్ళు, రాష్ట్రం నలభై పాళ్ళు భరించాలి. హిమాలయ రాష్ట్రాలకు, ఈశాన్య రాష్ట్రాలకు మాత్రం కేంద్రం తొంభై, రాష్ట్రం పది. కొండలు, దూరాలు, పలుచని జనం కారణంగా ఆ వెసులుబాటు న్యాయమే. బస్తరులోనూ కొండలు, దూరాలు, పలుచని జనం ఉన్నవి. కాని బస్తరు ఒక రాష్ట్రం కాదు, ఛత్తీస్‌గఢ్ హిమాలయాలలో లేదు.

చేతులు ముడుచుకొని ఎవరూ కూర్చోలేదని కూడా చెప్పాలి. కఠిన ప్రాంతాలలో పనిచేసే డాక్టర్లకు అదనపు వేతనం, పై చదువు ప్రవేశాలలో అదనపు మార్కులు ఇచ్చే పథకాన్ని ఛత్తీస్‌గఢ్ ఎన్నడో మొదలుపెట్టినది. గనుల రాబడిలో కొంత భాగాన్ని 2015 చట్ట సవరణ ద్వారా గనుల జిల్లాలకే ఇస్తున్నారు. ఆ నిధులతో స్పెషలిస్టులను మంచి జీతాలకు పిలిపించి దక్షిణ బస్తరులో జిల్లా ఆసుపత్రులను నిలబెట్టే ప్రయత్నం జరిగింది. దశాబ్దాల సాయుధ సంఘర్షణ నడుమ ఇది తేలికైన పని కాదు. గమనించవలసినది ఏమంటే, అక్కడికి డాక్టరును తెచ్చినది బీమా బిల్లు మీది పది శాతం కాదు, నెల నెలా తప్పక చేతికి వచ్చే జీతం. రోగులు పది మంది వచ్చినా, వంద మంది వచ్చినా ఆయన అక్కడ ఉంటాడు. అమెరికావారు 1997లో చేసిన పనికి ఇది దగ్గర చుట్టం.

ఐనా ఆ నిలకడ ఎంత పలుచనిదో దంతెవాడలో తెలిసినది. 2024 అక్టోబరులో అక్కడి జిల్లా ఆసుపత్రిలో కంటి శుక్లాల ఆపరేషను చేయించుకున్న వారిలో పది మందికి పైగా కళ్ళు చెడు పట్టాయి. డాక్టరును, సిబ్బందిని సస్పెండు చేశారు. రోగులను హుటాహుటిని రాయపూరుకు తరలించారు. అదే నెలలో, ఒక వారం రోజుల తేడాతో, దిల్లీలో వృద్ధుల కార్డులు పంచారు. శుక్లాలు వృద్ధులకు సర్వసాధారణమైన జబ్బు. దేశంలో అత్యంత తేలికగా జరిగే ఆపరేషను అది. దానికి కూడా చివరి దిక్కు ఘాటు అవతలి నగరమే ఐనది.

మార్పు తేవాలంటే పార్లమెంటులో పెద్ద చట్టం అక్కరలేదు. ధరలు సవరించుకొనే అధికారం రాష్ట్రానికి ఉన్నది. దూరాన్ని బట్టి దారి ఖర్చును రోగి ఖాతాలోనే వేయవచ్చు. బస్తరులోని ఆసుపత్రులకు కేసుల లెక్కతో సంబంధం లేకుండా ఏటా నిర్ణీత మొత్తం ఇచ్చి, దాని మీద ప్యాకేజీలు ఇవ్వవచ్చు. డెబ్బై హద్దును ఆదివాసి జిల్లాలలో అరవైకి దించవచ్చు. పెరిగే భారం పెద్దది కాదు. ఛత్తీస్‌గఢ్ జనాభాలో అరవై దాటినవారు 2011లో నూటికి ఎనిమిది మందే. ఇట్లా చేస్తే అక్రమపు బిల్లులు పుడతాయని లెక్కల అధికారులు భయపడతారు. ఆ భయం నిరాధారమైనదేమీ కాదు. కాని అక్రమపు బిల్లుకు ముందు ఆసుపత్రి అనేది ఒకటి ఉండాలి.

మనం ఊహించుకున్న కోంట వృద్ధుడు రాయపూరు చేరాడనీ, ఆపరేషను బాగానే జరిగిందనీ అనుకుందాం. ఇంటికి పంపేటపుడు ఆసుపత్రి వారు మందుల సంచి చేతికిస్తారు. ఇల్లు చేరిన తరువాత పదిహేను రోజుల మందుల ఖర్చు కూడా పథకమే భరిస్తుంది. చీటీ చివర, కట్టు చూపించుకోవటానికి మళ్ళీ రావలసిన తేదీ వ్రాసి ఉంటుంది.